ఇడ్లీలు, సైరన్, గోడ మీద నా లెక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. ఖమ్మంలో ఇంజినీరింగ్ మూడో ఏడు ఎలాగో గట్టెక్కి సెలవులకు మణుగూరు వచ్చినదాన్ని ఊరుకోక, మా మేనత్త ఇడ్లీ వ్యాపారాన్ని ఉద్ధరించి పోదామనుకున్నాను. (నన్నెవరూ అడగలేదు.) అత్త కాలనీ పక్కన ఇడ్లీలు వేసి, బొగ్గు లారీ డ్రైవర్ల క్యాంపుకు ఆటోలో పంపేది. పొద్దున గని సైరన్ మోగేసరికి అవి అక్కడుండాలి. ముందే చేరితే చల్లారి గట్టిపడతాయి, ఆలస్యమైతే డ్రైవర్లు ఖాళీ కడుపుతో లారీలెక్కేస్తారు. క్యాంపు సూపర్‌వైజరు ఆ వారం చూసి, నచ్చితేనే ఏడాదంతా ఆర్డరిస్తానన్నాడు. అదొస్తే కట్టెల పొయ్యి పొగ వదిలించుకుని గ్యాసు పొయ్యి కొనుక్కోవాలని అత్త ఆశ.

ఆటో నడిపే బ్రేకన్న (బ్రేకు తొక్కడు గనుక ఆ పేరు) రోజూ క్యాంపు నుంచి ఫోను చేసి, సైరన్‌కు ముందు చేరాడో వెనక చేరాడో చెప్పేవాడు. అత్త దాన్నిబట్టి మర్నాడు బండిని కాస్త ముందో వెనకో పంపేది. నాకదంతా చాదస్తంగా తోచింది. దూరం తెలుసు, వేగం తెలుసు, ఇంకా ఈ కబుర్లెందుకు? బయలుదేరాల్సిన టైము లెక్కకట్టి గోడ మీద సుద్దతో రాసి, "ఇగ ఫోన్ చెయ్యకు అన్నా, నా లెక్క తప్పదు" అన్నాను. బ్రేకన్న సంతోషంగా మానేశాడు. ఆ తర్వాత వాన పడి, దారిలో లారీలు బారులు తీరి, ఇడ్లీలు సైరన్ పోయాక చేరాయి. వాన వెలిసి దారి ఖాళీ అయితే మరీ ముందే చేరాయి. మాకేం తెలుసు? గోడ చెప్పిన టైముకే పంపుతున్నాం. వారం చివర సూపర్‌వైజరు డబ్బాను ఇడ్లీలతో సహా వాపస్ పంపించి, ఆర్డరు ఇంకొకరికిచ్చాడు.

అత్త అరవలేదు, అందుకే ఇంకా భయం వేసింది. వాపసొచ్చిన ఇడ్లీల పళ్లెం నా ముందు పెట్టి, "చేరిందా అని అడగకుంటే ఎట్ల తెలుస్తది ఇంజినీరమ్మా? తిను" అంది. తిన్నాను.

ఏడాది తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో, చిప్‌లో భాగాలన్నిటినీ ఒకే లయలో నడిపే క్లాక్ సంకేతాన్ని సరిచేసే సర్క్యూట్ తన అవుట్‌పుట్‌ను మళ్లీ తన దగ్గరికే ఎందుకు తెచ్చుకుంటుందని అడిగారు. చదివిందంతా గాలికి పోయింది. "లేకపోతే ఇడ్లీలు చల్లారతాయి సార్" అన్నాను. వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఇక తప్పక మొత్తం చెప్పాను: చిప్ వేడెక్కినా, కరెంటు కాస్త అటూ ఇటూ అయినా క్లాక్ చివరి మూలకు చేరే టైము మా దారిలాగే మారిపోతుంది, ముందే కట్టిన లెక్క నిలవదు, అందుకే చేరినదాన్ని వెనక్కి తెప్పించి, మా సైరన్ లాంటి అసలు క్లాక్‌తో పోల్చి, బయలుదేరే వేళను సర్దుతూనే ఉండాలి. ఒకాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఉద్యోగమిచ్చారు.

మొదటి జీతంతో అత్తకు గ్యాసు పొయ్యి పంపి, వెంటనే ఫోను చేసి "చేరిందా?" అని అడిగాను. "చేరింది బిడ్డా. నువ్వే జర లేటైనవ్" అంది. వంటింటికి సున్నం వేయించింది గానీ, గోడ మీది నా లెక్క ఉన్నచోటు మాత్రం వదిలేయించింది. ఇంటికెళ్లినప్పుడల్లా కాసేపు దాని ముందు నిలబడి, ఆ ఇంజినీరమ్మను చూసి నవ్వుకుంటాను.