గొంతులు అనే ఫోల్డరు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. కథల్లో దయ్యం వస్తే ఆ పేజీలు తిప్పేసి ముందుకు పోయేదాన్ని. ఇప్పుడిది రాయడం కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. ఇన్నాళ్లూ డైరీలో దాచుకున్నాను. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. రాయడమే నయం.

క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. కడపలో ఒక చిన్న షాపులో పనిచేసేదాన్ని. పాత క్యాసెట్లను సీడీల్లోకి మార్చడం, చర్చి పాటలూ హరికథలూ రికార్డు చేయడం మా పని. యజమాని శెట్టిగారు. రికార్డింగంతా సుగుణక్క చేసేది. ఆమెది కమలాపురం. రోజూ బస్సులో వచ్చిపోయేది. ఆమె పట్టిన పాటలను నేను శుభ్రం చేసి సీడీలకెక్కించేదాన్ని.

మాకు రెండు కంప్యూటర్లుండేవి. లోపలి గదిలో ఉన్నదాన్ని పెద్దది అనేవాళ్లం. రికార్డింగులన్నీ దాంట్లోనే. బయట కౌంటరు మీద నాది, లినక్సుతో నడిచేది. నాది ఆన్ చేయగానే పెద్దదాంట్లోని 'గొంతులు' అనే ఫోల్డరు వైరు మీదుగా దానంతటదే వచ్చి నా దాంట్లో తగులుకోవాలి. ఆ పేరు అక్క పెట్టిందే. తగులుకుంటే, మొదట్లో తెర మీద పరుగెత్తే అక్షరాల చివర ఆకుపచ్చగా 'ఓకే' అని పడుతుంది. లేదంటే ఎర్రగా 'ఫెయిల్డ్'. ఎర్రగా పడిన రోజు ఫోల్డరు కనిపిస్తుంది గానీ లోపల ఏమీ ఉండదు.

మాకు రోజూ ఎర్రగానే పడేది. దానికి కారణం శెట్టిగారి పూజ. లోపలి గది తాళం ఆయనే తీసి, పెద్దదానికి కుంకుమ పెట్టి, ఊదుబత్తి తిప్పి, తన చేత్తో స్విచ్ వేయాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు. నేను అంతకుముందే వచ్చి నాది ఆన్ చేసేదాన్ని. అది లేచి పెద్దదాని కోసం వెతికేసరికి పెద్దది ఇంకా నిద్రలోనే ఉండేది. తర్వాత అక్క వచ్చి ఒక కమాండు కొట్టి ఫోల్డరును తగిలించేది.

దీన్ని బాగుచేయాలని ఆమె చాలా తంటాలు పడింది. సెట్టింగుల ఫైల్లో ఒక మాట చేర్చి, నెట్‌వర్కు వచ్చాకే వెతకమని చెప్పింది. నెట్‌వర్కు వచ్చినా పెద్దది లేవలేదు కదా, మళ్లీ ఎరుపే. ఇంకో మాట చేర్చి, దొరికేదాకా అడుగుతూనే ఉండమంది. దాంతో నా కంప్యూటరు పూర్తిగా లేవకుండా మధ్యలోనే నిలబడిపోయింది.

శెట్టిగారు హారతి పళ్లెంతో బయటికొచ్చి చూశారు. "ఏమ్మా సుగుణా, నీ మిషను తపస్సు చేస్తాండాదా?"

"మీ పూజ కోసరం కాసుకోనుండాది శెట్టిగారూ. మీరు బిరీన కానిస్తే అదీ లేస్తాది."

"దేవుని పనికి తొందరా? మీ చర్చిలో పాస్టరును ఇట్లే తొందర పెడతావా?"

"ఆయప్పనూ పెడతా," అని అక్క నవ్వింది. ఆ చేర్చిన మాటలు తీసేసి, మళ్లీ రోజూ చేత్తోనే తగిలించడం మొదలుపెట్టింది.

ఏ రికార్డింగైనా మొదలయ్యే ముందు ఆమె లోపలి గదిలో మైకు దగ్గర నిలబడి నన్నడిగేది. "ఏమ్మే, వినపడతాండాదా?" నేను బయట హెడ్‌ఫోన్ పెట్టుకుని, "వినపడతాండాదక్కా" అనేదాన్ని. అప్పుడు పాడేవాళ్లకు సైగ చేసేది. ఆ మాట ప్రతి రికార్డింగు మొదట్లోనూ పడేది. దాన్ని కత్తిరించడమే ప్రతిసారీ నా మొదటి పని.

మధ్యాహ్నం కాగానే వాళ్లింటి పక్క అంగడికి ఫోన్ చేసి అమ్మను పిలిపించుకునేది. అడిగేది ఒకటే. "అమ్మా, బువ్వ తింటివా?"

ఆ యేడు వానల తర్వాత అక్కకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి పోయిన మనిషి తిరిగి రాలేదు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

కొన్నాళ్లకు వాళ్లమ్మ దేవమ్మ షాపుకొచ్చింది. కౌంటరు పట్టుకుని నిలబడి, "ఊరందరి గొంతులూ పట్టింది గదమ్మా. దాని గొంతు యాడన్నా ఉండాదా?" అని అడిగింది.

'గొంతులు' అంతా వెతికాను. భజనలున్నాయి, కీర్తనలున్నాయి, ఎవరివో పెళ్లిపాటలున్నాయి. అక్క ఎక్కడా లేదు. కత్తిరించని మొదటి ఫైళ్లను జాగా చాలక ఎప్పటికప్పుడు తీసేసేవాళ్లం. లేదని చెప్పాను. "పోనీలే పాపా," అని ఆమె బస్సుకు వెళ్లిపోయింది. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనీయలేదు. నాకూ ఆ గొంతు కావాలి. ఎవరినడగాలి?

మరుసటి యేడు ఒంటిమిట్ట కల్యాణానికి శెట్టిగారు కుటుంబంతో వెళ్లారు. లోపలి గది తాళంచెవి ఆయన మొలలోనే ఉంది. సీడీల మీద అంటించే పేర్లు కొట్టే పనుండి, పొద్దున్నే షాపు తెరిచి నా కంప్యూటరు ఆన్ చేశాను. అక్షరాలు పరుగెత్తాయి. చివర ఆకుపచ్చగా పడింది.

లేచి పోయి లోపలి గది చూశాను. తాళం వేసే ఉంది. రికార్డింగు చూడటానికి పెట్టిన చిన్న అద్దంలోంచి తొంగి చూశాను. శెట్టిగారు ఊరికి పోతే పెద్దదాని ప్లగ్గు పీకి, వైరు చుట్టి దాని మీదే పెడతారు. వైరు అలాగే ఉంది. లైటు లేదు.

వచ్చి ఫోల్డరు తెరిచాను. ఒకే ఒక్క ఫైలు ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

మొదట లోపలి గది ఫ్యాను చప్పుడు, టిక్కు టిక్కుమని. తర్వాత అక్క. "ఏమ్మే, వినపడతాండాదా?"

ఆ తర్వాత నిశ్శబ్దం. నా జవాబు కోసం ఆగేటప్పుడు ఎంతసేపు ఆగేదో అంతసేపు. "వినపడతాండాదక్కా," అన్నాను. నాకు తెలియకుండానే అన్నాను.

"ఈ పొద్దు కత్తిరించొద్దు," అంది. ఇంకాస్త ఆగి, "అమ్మా, బువ్వ తింటివా?"

అంతే. మళ్లీ ఫ్యాను.

ఆ ఫైలును సీడీకి ఎక్కించాను. కంప్యూటరు ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఎర్రగా పడింది. ఫోల్డరు ఖాళీ.

మా కంప్యూటర్లు చూసే ఖాదర్ భాయ్ కర్నూలు నుంచి వచ్చినప్పుడు అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఫోల్డరు తగులుకోని పొద్దు దాంట్లో ఏమైనా దాచితే అది నా కంప్యూటర్లోనే పడుతుందట. తర్వాత పెద్దదాని ఫోల్డరు వచ్చి దానిమీద కప్పుకుంటే కనపడదట. అక్క అలా ఎప్పుడో దాచి ఉండొచ్చన్నాడు. మరి ఎర్రగా పడిన ప్రతి పొద్దూ అది కనిపించాలి కదా? ప్లగ్గు పీకితే ఆకుపచ్చ ఎలా పడిందని అడిగాను. "అది మాత్రం నాకూ తెలీదమ్మా," అన్నాడు.

కల్యాణమయ్యాక వచ్చిన ఆదివారం సీడీ తీసుకుని కమలాపురం వెళ్లాను. అక్కడి చర్చి పాటల బృందం వాళ్ల ప్లేయరు అడిగి తెచ్చి, దేవమ్మ ముందు పెట్టాను. "ఒకటి దొరికింది పెద్దమ్మా," అన్నాను. అందులో ఏముందో చెప్పలేదు.

ఫ్యాను చప్పుడు వచ్చింది. టిక్కు టిక్కుమని. 'ఏమ్మే' అని రాలేదు. ఏ మాటా రాలేదు. ఫ్యానుతోనే అయిపోయింది. నేను తలెత్తలేకపోయాను.

దేవమ్మ ప్లేయరు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. "తింటి లేమ్మా," అంది మెల్లగా. "ఇప్పుడే తింటి." తర్వాత నా వైపు తిరిగి, "మళ్లా పెట్టు పాపా," అంది.

మళ్లీ పెట్టాను. నాకు మళ్లీ ఫ్యానే వినపడింది. ఆమె మళ్లీ జవాబు చెప్పింది.

రోజూ విన్న ప్రశ్నే కాబట్టి ఆ తల్లి మనసే దాన్ని వినిపించిందేమో. కాదనను. కానీ ఆ పొద్దు షాపులో నేను విన్నదాన్ని ఏమనుకోవాలో ఇప్పటికీ తెలియదు. సీడీ ఆమె దగ్గరే ఉంది.

ఖాదర్ భాయ్ ఆ ఎర్ర అక్షరాలు రాకుండా సరిచేస్తానన్నాడు. వద్దన్నాను. ఆ షాపులో ఉన్నన్నాళ్లూ రోజూ ఎర్రగానే పడేది. చేత్తో తగిలించే ముందు ఆ ఖాళీ ఫోల్డరును ఒకసారి తెరిచి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాసేపు కూర్చునేదాన్ని.