ఆ గడిలో సున్నా

జెర్సీ సిటీ ఆఫర్ వచ్చిన వారం నా కాళ్లు నేల మీద లేవు. ఇక్కడ అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో నా ప్రాజెక్ట్ అయిపోవస్తోంది. రెండో క్లాస్ చదివే కూతురుంది, ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. అక్కడ జీతం బాగా ఎక్కువ. ఆదివారం చర్చిలో భోజనాల దగ్గర నోరు జారానో లేదో, తలా ఒక మాట. "ఆ రెంట్లకి ఆ జీతం ఏ మూలకమ్మా?" అని ఒక అంకుల్. "కార్ అమ్మెయ్, ఇన్సూరెన్స్ మిగుల్తుంది, ట్రైన్‌లో పో" అని ఇంకొకాయన. అబ్బబ్బ! పులిహోర ముద్ద గొంతు దిగితే ఒట్టు.

ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఖర్చుల కాలిక్యులేటర్ తెరిచాను. రెంట్, కరెంట్, ట్రైన్ పాస్, సరుకులు అన్నీ నింపా. చైల్డ్ కేర్ అన్న గడిలో సున్నా కొట్టా. ఎప్పుడైనా ఒక్క డాలర్ కడితే కదా! స్కూల్ బస్ దిగగానే పాప మా పక్క బిల్డింగ్ ఆంటీ దగ్గరికి పోతుంది. ఆవిడదీ మా చర్చే, కాకినాడ వైపు మనిషి. డబ్బు మాటెత్తితే కొట్టేంత పని చేస్తుంది. లెక్క చూస్తే అన్నీ పోను కాస్త మిగులుతోంది కూడా. ఎగిరి గంతేశా.

పాప మాత్రం "అమ్మా, అక్కడ ఆంటీ ఉంటుందా?" అంది.

"బోలెడుమంది ఆంటీలుంటార్లే" అనేశాను. ఆ మాట అన్నాక గానీ నా బుర్ర వెలగలేదు. మర్నాడు అక్కడ బడి వదిలాక పిల్లల్ని చూసే ఆఫ్టర్ స్కూల్‌కి ఫోన్ చేశా. వాళ్లు చెప్పిన ఫీజు ఆ గడిలో వేసేసరికి, మిగిలిందంతా ఊడ్చుకుపోయి, ఇంకా చాలదని ఎర్రగా చూపించింది.

సాయంత్రం పాపని తెచ్చుకోవడానికి వెళ్లి ఆంటీ వంటింట్లో గయ్యిమన్నాను. "మూడు గంటలు పిల్లని చూడ్డానికి అంతా? దోపిడీ కాకపోతే ఏంటాంటీ!"

టీ తాగుతున్న వాళ్లాయన నవ్వారు. "మీ ఆంటీ కూడా ఇండియన్ స్టోర్‌లో సాయంత్రం షిఫ్ట్ మానుకుంది కదమ్మా, పాప కోసమేగా."

"మీరూరుకోండి" అని ఆంటీ గరిటె చూపించింది.

ఇన్నాళ్లూ నా జీతం సరిపోతోందని తెగ మురిసిపోయాను. ఆవిడ తన జీతం వదులుకుంటే సరిపోయింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆవిడ మీద కోపం కూడా వచ్చింది.

"ఎందుకు చెప్పలేదాంటీ?"

"చెబితే పిల్లని తెస్తావా నువ్వు?" అంది చారులో కొత్తిమీర వేస్తూ.

జెర్సీ సిటీ వాళ్లకి రానని చెప్పేశా. నానా తంటాలు పడి ఇక్కడే ఇంకో ఉద్యోగం పట్టా. జీతం పాతదానికంటే కాస్త తక్కువే, కానీ ఇంటి నుంచే పని. పాప బస్ దిగే వేళకి నేనుంటాను. ఆంటీతో దెబ్బలాడి మళ్లీ షిఫ్ట్‌లో చేర్పించా. వాళ్లాయనకి స్టవ్ వెలిగించడం కూడా రాదు, అందుకని షిఫ్ట్ ఉన్న రోజుల్లో వాళ్లిద్దరికీ వంట నాదే.

మొదటి రోజు షిఫ్ట్ నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి కూర్చుంది ఆంటీ. చారన్నం జుర్రుకుంటూ, "మరి నీకెంతివ్వాలే?" అని ఏడిపించింది.

"సున్నా" అన్నాను.