గుమ్మంలో దగ్గు

లండన్‌లోని నేలమాళిగ స్టూడియోలో హంగేరియన్ వార్తలు చదివే ఎర్నో వాదాస్, మైకు ముందు కూర్చునే ముందు చేతిగడియారం విప్పి జేబులో వేసుకుంటాడు, తీరుబడిగా జుట్టు దువ్వుకుంటాడు. "రేడియోలో మీ పాపిడి ఎవరికి కనబడుతుందండీ?" అంటుంది అద్దం అవతల మీటలు చూసుకునే డోరిస్. "మా అమ్మకి," అంటాడు. మైకులో ఆమె పేరు చెబితే, హంగేరీలోని సెగెద్ ఊళ్ళో రేడియో వింటుండే ఆ యూదు తల్లికి ముప్పు. అందుకే వార్తలు ముగిశాక ఒక్కసారి చిన్నగా దగ్గుతాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి గుమ్మంలో అలాగే దగ్గితే, వంటింట్లోంచి "వచ్చావురా?" అనేదావిడ. "మీ దగ్గుకి నా మీటరు ముల్లు ఎగిరిపడుతోంది మహానుభావా!" అని సణుగుతూనే, డోరిస్ తన రేషన్ తేనె ఓ సీసాలో తెచ్చిపెట్టింది.

జర్మన్ సైన్యం హంగేరీలో దిగిన ఆ వసంతంలో, ఒక సాయంత్రం అతని చేతికొచ్చిన కాగితాల్లో కొత్త వార్త ఉంది: అక్కడి యూదులంతా తమ రేడియోలు ప్రభుత్వానికి అప్పగించెయ్యాలి. పోలండ్ యూదుల వార్తలు రెండేళ్ళుగా చదువుతున్నవాడు. ముందు వస్తువుల్ని పట్టుకుపోయేవాళ్ళు ఆ తరవాత మనుషుల కోసం రైళ్ళు తెస్తారని అతనికి తెలుసు. దాన్నీ మిగతా వార్తల్లాగే, ఎక్కడా తడబడకుండా చదివాడు. సెలవు చెప్పాడు. జేబులోంచి గడియారం తీసి చేతికి పెట్టుకున్నాడు. ప్రసారం సాగుతోందని చూపే ఎర్రదీపం ఆరిపోయింది.

డోరిస్ తలుపు తోసుకుని నవ్వుతూ వచ్చింది. "అమ్మయ్య, ఇవాళ దగ్గలేదు! తేనె పనిచేసిందన్నమాట!"