గ్లాసు అడుగున చక్రవర్తి

నా కొడుకు తాగుతున్న గ్లాసు అడుగున రోము చక్రవర్తి ముఖం కనిపించినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. వాడికి నాలుగేళ్ళు. ముందురోజు నుంచి జ్వరం. అప్పటికే సగం నీళ్ళు తాగేశాడు.

ఆ వెండి నాణెం వర్ధన్నపేటలోని మా చెలకలో పైపులైను తవ్వుతుంటే మామయ్యకు దొరికింది. ఒకవైపు తలకు ఆకుల దండ కట్టుకున్న మగ ముఖం, రెండోవైపు కొమ్మ పట్టుకుని కుర్చీలో కూర్చున్న స్త్రీ. డిగ్రీలో చరిత్ర చదివానని తెచ్చి నా చేతిలో పెట్టారు. ప్రభువు భూమ్మీద తిరిగిన కాలం నాటిదని చెప్పాను. ఈ ఇంట్లో నా మాట అందరికీ నచ్చింది ఆ ఒక్కసారే. అత్తమ్మ ఆ స్త్రీని మరియతల్లి అనుకుని కళ్ళకద్దుకుంది. నాణేన్ని జపమాల పక్కన దాచుకుంది.

గ్లాసు లాక్కున్నాను.

“పైస ఎందుకేసినవ్ అత్తమ్మా? మింగితే?”

“ప్రభువు చేత పట్టిన పైస గదా. నువ్వే చెప్పితివి.”

“ఆయన కాలం నాటిదన్న. ఆయన పట్టిండనలే. ఆ మొకం ఎవలిదో ఎరుకేనా? ఆయన్ను సిలువేసిననాడు రాజ్యమేలినోనిది. ఎనక కూసున్నది వాని తల్లి అంటరు.”

“సదువుకున్నోళ్ళకు తల్లిని జూసినా అనుమానమే.”

“దవాఖానకు పోదాం పాండ్రి,” అన్నాను మా ఆయనతో.

ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. “జర ఆగరాదు. నీళ్ళు తాగిండు గదా, పొద్దుగాల చూద్దాం. మమ్ముల పెంచింది అమ్మనే.”

నాణేన్ని తీసి తుడిచాను. ముందు కొడుకు, వెనక తల్లి. మా ఇల్లూ అంతే. ఆయన మాట ఏదైనా సరే, తిప్పి చూస్తే అత్తమ్మ కూర్చుని ఉంటుంది.

బాబును ఎత్తుకుని, వాడి అక్కను వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డాక్టరమ్మ కోప్పడింది. నన్నే. ఇంజెక్షన్ ఇచ్చాక ఒళ్ళు చల్లబడింది.

తిరిగొచ్చేసరికి పక్కింటామె ఖాళీ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

“జూసినవా, మనవనికి జరం దిగింది,” అంది అత్తమ్మ ఆమెతో, వాడి నుదురు తడుముతూ. మా ఆయన తలూపాడు. నా చేతిలోని మందుల కవరు ఎవరికీ కనిపించలేదు.

“మా పాపకు గూడ జరమే,” అంది పక్కింటామె. గోలీల చీటీ చూపించాను. చదవకుండానే మడిచి ఇచ్చేసి, గ్లాసు అత్తమ్మకు అందించింది.

పొద్దున మా పాపకు జడ వేస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను. “జరం తగ్గింది మందులతోటి. పైస మీద ఉన్నది ఒక రాజు, వాళ్ళమ్మ. నాయనమ్మ ఇచ్చినా ఆ నీళ్ళు తాగొద్దు.”

“నాయనమ్మకు గూడ చెప్పాల్నా మమ్మీ?” అంది పాప.

“వద్దు,” అన్నాను. “ఎవ్వరికీ చెప్పకుండ్రి.”