నా మెడలో పడ్డ కండువా

నిరుడు ఎండాకాలంలో మిర్యాలగూడలోని మా వాడలో ఇంటి పన్ను పెంపు మీద సభ పెట్టారు. మా ఆయన రైసు మిల్లులో హమాలీ. మాది రెండు గదుల రేకుల ఇల్లు. పక్కింటి సుగుణమ్మ వాళ్లదీ అంతే. ఇద్దరం కలిసే వెళ్లాం.

రెండు పార్టీల నాయకులూ "పెంచింది మీరే", "కాదు, మీరే" అని ఒకటే అరుచుకున్నారు. వినీ వినీ విసుగొచ్చి, నేనే లేచి మైకు అందుకున్నాను.

"సారూ, జర లొల్లి ఆపుండ్రి. మా అసొంటి రేకుల ఇండ్లకు పన్ను ఎట్ల తగ్గుతదో చెప్పుండ్రి" అన్నాను.

ఒక నాయకుడు గబగబా వచ్చి, "సూసిండ్రా, ఈ అక్క మా పార్టీ మాటనే మాట్లాడుతున్నది!" అంటూ తన కండువా నా మెడలో వేశాడు. అందరూ ఫోన్లలో ఫొటోలు తీశారు. అవతలి పార్టీ వాళ్లు "పైసలిచ్చి తోలుకొచ్చిండ్రు" అంటూ నా మీదికి దూసుకొచ్చారు. కుర్చీలు గాల్లోకి లేచాయి. సుగుణమ్మే నా చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది.

దారిలో మెల్లగా అడిగింది: "నిజం చెప్పు వదినా, ఆ పార్టీల ఎప్పుడు చేరినవ్?"

తిట్లకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

పెరిగిన పన్ను కట్టేశాం. నేను ఏ పార్టీలోనూ చేరలేదని మాత్రం సుగుణమ్మకు ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.