ఎనిమిది మీద ముల్లు

లాజరుకి కొలతలో అబద్ధం చెప్పడం చేతకాదు. మిగతా విషయాల్లో చెప్పేవాడు. జమీందారు కొండలరావుగారి ముసలి గుర్రం చచ్చిపోతే దివాణం వాకిట్లో తల మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. పల్లెలో పుట్టినవాడు అలాంటివి నాలుగు నేర్చుకోకపోతే బతకలేడు. కాని చేతిలో కొలబద్ద ఉంటే ఆ మనిషి వేరు.

మిషను బడిలో మూడేళ్లు చదివాడు. రాజమండ్రిలో ఒక ఇనప కార్ఖానాలో పన్నెండేళ్లు పని చేశాడు. నలభయ్యో ఏట, ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడితో, రామచంద్రపురం దగ్గర సొంత పల్లెకి తిరిగొచ్చాడు. పల్లె అంటే ఇరవై రెండు గుడిసెలు, తాటాకు కప్పిన ఒక ప్రార్థన పాక. అన్నీ కొండలరావుగారి నేల మీదే ఉన్నాయి. కాగితం లేదు. ఆయన ఉండమన్నారు, వీళ్లు ఉన్నారు.

కొండలరావుగారికి కారు కావాలనిపించింది. డబ్బున్న వాడెవడైనా కొంటాడు, నేను ఇంట్లోనే చేయిస్తాను అన్నారు. మద్రాసులో విరిగిపోయిన ఒక కారు ఇంజను పడవ మీద వచ్చింది. వడ్రంగులు టేకుతో పెట్టె కట్టారు. చక్రాలు, ఇరుసులు, బ్రేకు, అన్నీ లాజరు చేతి పనే. రెండేళ్లు పట్టింది. పంతొమ్మిది వందల ఏడులో, కాలవలకి నీళ్లు వదిలే వేళకి, అది పొగ కక్కుతూ దివాణం చుట్టూ తిరిగింది.

కాని ఆ బురద నేలలో కారు తిరగడానికి చదునైన దారి ఒక్కటే ఉంది, కాలవగట్టు. ఆ గట్టు సర్కారుది. దాని మీద పొద్దస్తమానం పడవలు లాగే మనుషులు నడుస్తారు. పడవ కొయ్యకి కట్టిన పొడుగాటి తాడు గట్టు మీదికి ఏటవాలుగా వస్తుంది. దాని కొసలు నలుగురి భుజాలకి పట్టీలతో బిగించి ఉంటాయి. ఎదురుగా బండి వస్తే పట్టీలు విప్పుకుని, తాడు నేలకి దించి, నీళ్ల వైపు ఒరిగి నిలబడాలి. ఈలోగా బరువు పడవ వెనక్కి జారకుండా గెడ వెయ్యాలి. అందుకని కాలవ ఓవర్సీరు ఒక షరతు పెట్టాడు. కారు గంటకి ఎనిమిది మైళ్లు దాటకూడదు. దాటడం లేదని తెలియడానికి మీటరు ఉండాలి. అది ఆయన స్వయంగా చూసి కాగితం ఇస్తాడు.

మీటరు కొండలరావుగారి సైకిలుకి ఉంది. ఇంగ్లండు సరుకు. గుండ్రటి అద్దం, అందులో నల్లటి ముల్లు. సైకిలు చక్రం ఇరుసు మీదున్న చిన్న ఇత్తడి కప్పీ నుంచి తోలుపట్టీ వెళ్లి దాన్ని తిప్పుతుంది. లాజరు దాన్ని ఊడదీసి కారుకి బిగించాడు. బిగించాక మైలురాళ్ల మధ్య కారు నడిపించి, కొండలరావుగారి జేబు గడియారం పట్టుకుని చూశాడు. ముల్లు ఎనిమిది మీద ఉంది. మైలుకి ఏడున్నర నిమిషాలు పట్టాలి. ఐదే పట్టింది.

మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ ఐదే.

కారు కింద పడుకుని చక్రానికి దారం చుట్టి కొలిచాడు. సైకిలు చక్రం ఒక చుట్టు తిరిగితే ఏడడుగుల నాలుగంగుళాలు పోతుంది. ఈ చక్రం పదకొండు అడుగులు పోతుంది. మీటరుకి చుట్లే తెలుసు, అడుగులు తెలియవు. ముల్లు ఎనిమిది అంటే కారు పన్నెండు.

ఆ రాత్రంతా ఆలోచించాల్సినంత పనేమీ లేదు. తుమ్మ మొద్దుని తరిణె పట్టి గుండ్రంగా చెక్కి, ఇత్తడి కప్పీకి ఒకటిన్నర రెట్లు ఉండే కప్పీ చేసి చక్రానికి తగిలించాడు. మైలుకి ఏడున్నర నిమిషాలు వచ్చింది. అప్పుడు పడవ లాగే భీమరాజుని పిలిచాడు.

"మీకు ఫర్లాంగు దూరాన, రాయి దగ్గర కారు హారను కొడతారు. అక్కణ్ణించి మీదాకా రావడానికి నిదానంగా యాభై లెక్కపెట్టేంత వ్యవధి. చాలుద్దా?"

భీమరాజు మనుషులతో చేసి చూశాడు. నలభై ఏడుకి తాడు నేల మీద ఉంది.

"చాలుద్ది. వెనకనుంచి గాలి కొడితే ఇంజను వినపడి చావదు. హారను మాత్రం మరిచిపోవద్దను," అన్నాడు భీమరాజు. "అయినా నువ్వు కొలిచావుగా. ఇంక మాకేంటి?"

రెండు రోజుల్లో ఆ మాట కాలవ పొడుగునా పాకింది. లాజరు కొలిచాడు, యాభై.

కొండలరావుగారు కారెక్కి, గట్టు మీద ఒక చుట్టు తిరిగొచ్చి, చక్రం వైపు వంగి చూశారు.

"ఇదేంట్రా ఈ మొద్దు?"

"కప్పీ అండి. సైకిలు చక్రం చిన్నదండి, మన చక్రం..."

"దొర చేసిన మీటరుకి నువ్వు దిద్దుబాటు చేశావా?"

"మీటరు తప్పు కాదు బాబూ. ఇత్తడి కప్పీ పెడితే పన్నెండుకి ఎనిమిది చూపిస్తదండి. పడవోళ్లకి తాడు దించే వీలుండదు."

"నీ మొద్దు పెడితే ఎద్దుబండి నన్ను దాటిపోద్ది. తీసెయ్. ఎలా వచ్చిందో అలాగే ఉంచు." అక్కడితో ఆగి, చాలా మెత్తగా అడిగారు. "మీ ప్రార్థన పాక కిందటి గాలివానకి ఒరిగిందటగా? కొత్త నిట్రాటలు వేశారా?"

"వేశామండి."

"మంచిది. నిట్రాటలదేముంది, ఎక్కడైనా పాతుకోవచ్చు."

లాజరు తుమ్మ కప్పీ తీసేశాడు.  ఆయన అబద్ధం చెప్పమనలేదు కదా. ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. పెద్దవాళ్లకి అబద్ధం ఎప్పుడూ ఇంకొకడు చేసిపెట్టిన సరుకుగానే దొరుకుతుంది.

ఇంట్లో అతని భార్య సంపూర్ణమ్మ విని చాలాసేపు పొయ్యి ఊదింది. "ఇరవై రెండు గుడిసెలయ్యా," అంది చివరికి. "నువ్వొక్కడివే కాదు."

"గట్టు మీదా ఒక్కడు కాదే."

ఆమె మళ్లీ ఊదింది. పొయ్యి ఎప్పుడో మండుతోంది.

ఓవర్సీరు వచ్చిన రోజు లాజరు కారు పక్కమెట్టు మీద నిలబడ్డాడు. కొండలరావుగారు నడుపుతున్నారు. ముల్లు ఎనిమిది మీద, గోడకి కొట్టిన మేకులా కదలకుండా ఉంది. కాలవ నీళ్లు గిర్రున వెనక్కి పోతున్నాయి.

"బాగుందండీ," అన్నాడు ఓవర్సీరు టోపీ పట్టుకుని. "ఎనిమిది మైళ్లంటే ఇంత గాలి కొడుతుందనుకోలేదు."

ముందు ఒక మైలురాయి కనపడింది. లాజరు ఓవర్సీరు వైపు వంగాడు.

"ఓవర్సీరుగారూ, గడియారం తియ్యండి. ఈ రాయి నుంచి పై రాయికి ఏడున్నర నిమిషాలు పట్టాలి. చూడండి."

కొండలరావుగారు వెనక్కి తిరగలేదు. మెడ మాత్రం బిగిసింది. ఓవర్సీరు సరదాపడి గడియారం తీశాడు. పై రాయి వచ్చింది. ఆయన గడియారం చూశాడు, ముల్లు చూశాడు, కొండలరావుగారి మెడ చూశాడు.

"ఐదండి," అన్నాడు లాజరు. "పన్నెండు మైళ్లు పోతున్నామండి."

ఓవర్సీరు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఈమధ్య ఇది మందగిస్తోందండీ," అని కొండలరావుగారితో అని జేబులో వేసుకున్నాడు. తొడ మీద కాగితం పెట్టుకుని అక్కడే సంతకం చేశాడు.

కారు ఆగింది. "నువ్వు దిగు," అన్నారు కొండలరావుగారు.

లాజరు నాలుగు మైళ్లు నడిచి ఇంటికొచ్చేసరికి కబురు ముందే వచ్చి కూర్చుంది. నెలాఖరుకల్లా పాకా గుడిసెలూ తీసెయ్యాలి. పల్లెలో ఎవరూ అతన్ని తిట్టలేదు. ఆ సాయంత్రం ఎవరూ పలకరించలేదు కూడా.

మర్నాడు అతను కాలవ లాకు తలుపుల దగ్గర భీమరాజుని పట్టుకున్నాడు. పడవలో చుక్కాని దగ్గర భీమరాజు పెళ్లాం రత్తమ్మ కూర్చుని ఉంది.

"యాభై కాదు భీమరాజూ. ముప్పై మూడు."

"నువ్వేగా యాభై అన్నావు?"

"అప్పుడది నిజం. కప్పీ తీయించేశారు."

"మీ ఎనిమిది మీ ఇష్టమొచ్చినట్టు మారుద్దేంటయ్యా?" అంది రత్తమ్మ.

 భీమరాజు మనుషులతో మళ్లీ చేసి చూశాడు. నలభై నాలుగు. మళ్లీ చేశారు. నలభై మూడు. నాలుగోసారికి ఒకడి భుజం పట్టీ ఒరుసుకుని రక్తం వచ్చింది. నలభై రెండు.

"ధాన్యం పడవ లాజరూ ఇది, కాగితం పడవ కాదు," అన్నాడు భీమరాజు రొప్పుతూ. తాడు వైపు చూసి, మొలలోంచి చేపల కత్తి తీసి, బొటనవేలితో పదును చూశాడు. "తెంపితే పదికల్లా అయిపోద్ది."

"పడవ?"

"దాని ఖర్మ."

సోమవారం కారు బయల్దేరింది. లాజరు ఫర్లాంగు రాయికి ఇవతల, భీమరాజు పడవ పక్కనే నడుస్తున్నాడు. గాలి వెనకనుంచి కొడుతోంది. ముందు ఏ చప్పుడూ లేదు. తర్వాత హారను, ఆ వెంటనే గట్టు మలుపులో నల్లగా కారు. భీమరాజు ఒక్క కోతకి తాడు తెంపాడు. నలుగురూ నీళ్ల వైపు పడ్డారు. కారు వాళ్ల పాదాల పక్కనుంచి పోయింది. కొండలరావుగారు చెయ్యి ఊపారు, బాగా తప్పుకున్నారన్నట్టు.

పడవ అప్పటికే అడ్డం తిరిగింది. నూట యాభై బస్తాల బరువు, మీద రత్తమ్మ ఒక్కతీ. వెనక లాకు పక్కన నీళ్లు దూకే చోటుకి రెండు వందల గజాలు కూడా లేదు. రత్తమ్మ అరవలేదు. చుక్కాని మీద పొట్టతో పడుకుని గట్టు వైపుకి నెడుతోంది. ఐదుగురూ పరిగెత్తారు. లాజరు దగ్గుతూనే దూకి, తేలుతున్న తాడు కొస పట్టుకున్నాడు. మిగతావాళ్లు అతన్నీ తాడునీ కలిపి లాగారు. పడవ గట్టుకి గుద్దుకుని ఆగేసరికి నీళ్లు దూకే చప్పుడు మాటలు వినపడనంత దగ్గరలో ఉంది.

లాజరు గట్టు మీద బోర్లా పడి దగ్గాడు. ఉమ్మిలో నల్లటి చార కనపడింది. భీమరాజు తెగిన రెండు కొసలూ ఒళ్లో పెట్టుకుని పురి విప్పి అల్లడం మొదలుపెట్టాడు. అలా కూర్చుంటే పూట పడుతుంది.

"వెనకాల ఎన్ని పడవలొస్తున్నాయి?" అనడిగాడు లాజరు.

"నాలుగు. వాళ్లకింకా యాభయ్యే తెలుసు."

లాజరు లేచాడు. కారు లాకు దాటగానే ఊళ్లోకి దిగింది. పొద్దువాలేలోగా ఇదే గట్టున తిరిగి వస్తుంది. తడిబట్టలతోనే దిగువకి నడవడం మొదలుపెట్టి, కొంత దూరం పోయాక పరుగందుకున్నాడు.