ఆ పద్దు పైసలు ఆ పద్దుకే

మా ఊరికి మొదట కావలసింది వాగు మీద వంతెన. మోత్కూరు దవాఖానకు పోవాలంటే ఆ వాగు దాటాలి. గట్టి వాన పడితే రెండు రోజులు ఎటూ కదలలేం. నేను వార్డు మెంబరునైన ఏడాది ఊరికి పైసలు వచ్చాయి. వంతెనకు కాదు, వైకుంఠధామానికి.

మా చిన్నప్పుడు ఊరికి ఏం కావాలో దొర చెప్పేవాడు. ఇప్పుడు పైనుంచి వచ్చే కాగితం చెబుతుంది. దొర మాట చెవిన పడేది, కాగితం చదువుకోవాలి. అంతే తేడా. యాభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తీర్మానం కూడబలుక్కుని చదివి పంచాయతీ సెక్రటరీని అడిగాను.

"ఏం సారూ, బతికినోళ్లకు తొవ్వ లేదు గని సచ్చినోళ్లకు నల్లా, షెడ్డా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

"నేనేం జేస్త అవ్వా? ఆ పద్దు పైసలు ఆ పద్దుకే. వద్దంటే వాపసు పోతయ్."

వాపసు పోతాయన్న మాటకు భయపడి సంతకం పెట్టాను.

షెడ్డు లేచింది. వానాకాలం మొదట్లో మా ఆయన ఛాతీ రుద్దుకుంటూ అడిగాడు.

"పంట పైసలు పడ్డయట గద. జర నల్లగొండ పోయి సూపిచ్చుకొస్తనే."

సర్కారు ఎకరానికింత అని పెట్టుబడికి వేసే డబ్బు అది. మాకున్నది ఎకరంన్నర. ఇంట్లో పైసా ఎటు పోవాలో చెప్పేది నేనే.

"పంటకని వచ్చినయ్ పంటకే పెట్టాలె. ఇత్తనాలు ఆగుతయా? పత్తి ఏరినంక సూపిద్దాం తీయ్."

"సెక్రటరీ సారు మనింట్లనే ఉన్నడు" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

పత్తి మోకాలెత్తు పెరిగింది. రెండు రోజులుగా ముసురు. పొద్దున పళ్లు తోముకుంటూనే అరుగు మీద కూలబడ్డాడు. ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది గానీ వాగు అవతలే ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆయన్ను మంచం మీద వేసుకుని నలుగురు నడుం లోతు దాకా దిగి, నిలవలేక వెనక్కి వచ్చారు. ఇంకోసారి దిగుదామనుకునేసరికి దిగే పని లేకపోయింది.

కొత్త వైకుంఠధామంలో మొదటి మనిషి ఆయనే. నల్లా తిప్పితే నీళ్లు ధారగా వచ్చాయి. అంత వానలోనూ కట్టె తడవలేదు. మంచిగానే కట్టారు. గోడకు రాతిపలక ఉంది. పైన పెద్దల పేర్లు, కింద వార్డు మెంబర్ల పేర్లు. మంట అంటుకునేదాకా ఎటు చూడాలో తెలియక ఒక్కొక్క పేరే చదువుకుంటూ పోయాను. చివరి నుంచి రెండోది నాది.